60 మ్యాచ్‌ల బేస్‌బాల్ సీజన్: మీ దృష్టిలో ఇది లెక్కలోకి వస్తుందా?

గుంటూరు_డాడ్జర్ | 2020 జూన్ 25
మొత్తానికి షెడ్యూల్ ఖాయమైంది. మార్చి 12న స్ప్రింగ్ ట్రైనింగ్ ఆపేసినప్పటి నుంచి యజమానులు ఒకవైపు, ఆటగాళ్ల సంఘం ఇంకోవైపు జీతాల గురించి పట్టు విడవలేదు. చివరికి కమిషనర్ మాన్‌ఫ్రెడ్ 60 మ్యాచ్‌లని తేల్చేశాడు. 162 ఆడాల్సిన చోట 60. జూలై 23న మొదలు. స్టేడియంలో జనం ఉండరు.

నేనుండేది లాస్ ఏంజెలెస్‌లో. టీవీ కంపెనీల మధ్య బేరం కుదరక 2014 నుంచి ఇక్కడ చాలా ఇళ్లలో డాడ్జర్స్ మ్యాచ్‌లు రాలేదు. ఆ గొడవ ఈ ఏప్రిల్‌లో తీరింది. తీరా తీరాక చూద్దామంటే ఆట లేదు. పోయిన వారం దగ్గు వస్తే పరీక్షకి వెళ్లాను, అదీ డాడ్జర్ స్టేడియం పార్కింగ్‌లోనే. కోన్‌ల మధ్య కార్లు పాకుతూ పోతున్నాయి. అద్దం కాస్త దించితే కిట్ అందించారు. గట్టిగా దగ్గి, పుల్ల నోట్లో తిప్పి, గొట్టంలో వేసి మూత పెట్టి ఇచ్చేయాలి. ఎదురుగా స్టేడియం కనిపిస్తోంది, గేట్లన్నీ మూసి ఉన్నాయి. ఈ ఏడాది ఆ కొండ ఎక్కింది అందుకే. ఫలితం నెగెటివ్ వచ్చింది, దాని గురించి కంగారు లేదు.

ఇంట్లో, ఆఫీసులో అందరూ "ఈ ఏడాదికి వదిలేయ్" అంటున్నారు. నాకు వదలాలని లేదు. మీలో ఎంతమంది చూడబోతున్నారు? గెలిచిన జట్టుని నిజమైన విజేతగా ఒప్పుకుంటారా?

న్యూజెర్సీ_నాని | జూన్ 25
చూస్తాను, కానీ లెక్కేయను. పోయినేడు 50 మ్యాచ్‌లయ్యేసరికి వాషింగ్టన్ నేషనల్స్ 19 గెలిచి 31 ఓడారు. 60 అయ్యాక కూడా ఓటములే ఎక్కువ. అక్కడితో సీజన్ ఆపి ఉంటే వాళ్లు ఇంటికి పోయేవాళ్లు. అక్టోబర్‌లో ఫైనల్, అంటే వరల్డ్ సిరీస్, కొట్టింది వాళ్లే. 162 అనేది ఊరికే పెట్టుకున్న అంకె కాదు. ఎవడి సత్తా ఏంటో తేలడానికి అంత కాలం పడుతుంది.

మా బాధ ఇంకొకటి. మా యాంకీస్‌కి పిచర్ (బంతి వేసేవాడు) గెరిట్ కోల్‌ని 9 ఏళ్లకి 32.4 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నాం. యాంకీ స్టేడియంలో అతని మొదటి స్ట్రైకౌట్‌కి లేచి అరిచేవాడు ఒక్కడూ ఉండడు.

క్యారీ_కల్యాణి | జూన్ 26
మేజర్ లీగ్ ఆగిపోతే బేస్‌బాల్ ఆగిపోయినట్టు మాట్లాడకండి. ఏప్రిల్‌లోనే తైవాన్‌లో మొదలైంది. మే 5న కొరియాలో మొదలైంది, ఇక్కడ ఈఎస్‌పీఎన్‌లో చూపిస్తున్నారు. అక్కడ సాయంత్రం ఆరున్నర అంటే మాకు తెల్లవారి ఐదున్నర. కాఫీ పెట్టుకుని కూర్చుంటున్నాను. ఎన్‌సీ డైనోస్ అని ఒక జట్టుంది. ఆ రెండక్షరాలు చూసి నార్త్ కరోలినా జనమంతా ఆ జట్టుని దత్తత తీసుకున్నారు, నాతో సహా. హోమ్ రన్ కొట్టాక బ్యాట్ గాల్లోకి ఎగరేస్తే అక్కడ ఎవరూ తప్పు పట్టరు. చూడ్డానికి ఎంత హాయిగా ఉంటుందో.

ఫ్రీమాంట్_లలిత | జూన్ 26
@న్యూజెర్సీ_నాని లేచి అరిచేవాడు ఉండడంటే ఎలా, నువ్వు ఇంట్లో లేచి అరిచెయ్ తమ్ముడూ. మీ కింద అపార్ట్‌మెంట్ వాళ్లకి ముందే చెప్పి ఉంచు.

సెయింట్‌లూయిస్_డాక్టరమ్మ | జూన్ 27
రాత్రి డ్యూటీ దిగి రాస్తున్నాను. నేను కార్డినల్స్ పిచ్చిదాన్ని, ఇక్కడ స్థిరపడ్డాక ఆ పిచ్చి పట్టకుండా ఉండటం కష్టం. అయినా నాకు ఈ సీజన్ గురించి భయంగా ఉంది. బాస్కెట్‌బాల్ వాళ్లు అందరినీ ఒకే చోట పెట్టి బయటికి పోనివ్వకుండా ఆడించబోతున్నారు. వీళ్లు 30 జట్లని ఊరూరా విమానాల్లో తిప్పుతామంటున్నారు. ఉమ్మి వేయొద్దు, చేతులు కలపొద్దు అని రాసుకున్నంత మాత్రాన సరిపోతుందా? ఆట రావాలని నాకూ ఉంది. కానీ ఒక్క ఆటగాడు ఐసీయూ దాకా వచ్చినా ఈ సంబరం నాకు వద్దు.

బెజవాడ_ఓపెనర్ | జూన్ 28
మా ఐపీఎల్ మార్చి 29న మొదలవ్వాల్సింది, వాయిదా వేశారు, ఎప్పుడో తెలీదు. మీ బాధ అర్థమైంది కానీ ఒక డౌట్. ఏడాదికి 162 మ్యాచ్‌లు ఎలా చూస్తారండీ? బోర్ కొట్టదా?

ఫ్రీమాంట్_లలిత | జూన్ 28
@బెజవాడ_ఓపెనర్ మంచి ప్రశ్న వేశావు. అన్నీ కళ్లప్పగించి చూడం. వంట చేస్తుంటే రేడియోలో వస్తుంటుంది. గిన్నెలు తోముతుంటే ఆరో ఇన్నింగ్స్. పిల్లని సాఫ్ట్‌బాల్ ప్రాక్టీస్ నుంచి తీసుకొస్తుంటే కారులో ఎనిమిదో ఇన్నింగ్స్. ఈరోజు ఓడితే ఏడుస్తూ కూర్చునే తీరిక ఉండదు, రేపు ఇంకో మ్యాచ్. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా దాదాపు ప్రతిరోజూ మన జట్టు ఉంటుంది. క్రికెట్‌లో సిరీస్‌కి సిరీస్‌కి మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఇక్కడ అది లేదు. అందుకే ఈ మూడు నెలలు ఇల్లు మరీ నిశ్శబ్దంగా అయిపోయింది. మహమ్మారి రోజుల్లో ఏ రోజు ఏ వారమో తెలియకుండా పోయింది కదా. ఆట ఉండి ఉంటే కనీసం ఇవాళ పిచింగ్ ఎవరిది అన్నదాన్ని బట్టి వారం లెక్క తెలిసేది.

బెజవాడ_ఓపెనర్ | జూన్ 28
ఇప్పుడర్థమైంది అక్కా. మా అమ్మకి టీవీ సీరియల్ షూటింగులు ఆగినప్పుడు ఇలాగే అయింది.

క్యారీ_కల్యాణి | జూలై 1
నిన్న మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దు చేశారు. పెద్ద జట్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది, దీని గురించి ఎవరూ పట్టించుకోరని ఇక్కడ చెప్తున్నా. మాకు మేజర్ లీగ్ జట్టు లేదు, డర్హమ్ బుల్సే మా జట్టు. ఎడమ పక్క గోడ మీద పెద్ద ఎద్దు బొమ్మ ఉంటుంది. మనవాళ్ల హోమ్ రన్‌కి దాని కళ్లు ఎర్రగా వెలిగి ముక్కులోంచి పొగ వస్తుంది. మా ఆఫీసులో కొత్తగా ఇండియా నుంచి వచ్చినవాళ్లని మొదట అక్కడికే తీసుకెళ్తాం. టికెట్ చవక, పిల్లలు గడ్డి మీద ఆడుకుంటారు. ఈ కుర్రాళ్లకి కోట్ల జీతాలు లేవు. ఒక ఏడాది పోతే కొందరికి కెరీరే పోతుంది.

గుంటూరు_డాడ్జర్ | జూలై 4
ఆల్ స్టార్ మ్యాచ్ కూడా రద్దు. 1945 తర్వాత ఇదే మొదటిసారి. ఈ ఏడాది అది జరగాల్సింది డాడ్జర్ స్టేడియంలో. 1980 తర్వాత మళ్లీ మా వంతు వచ్చింది. మా పిచర్ డేవిడ్ ప్రైస్ ఈ సీజన్ ఆడనన్నాడు. బాధగా ఉంది కానీ తప్పు పట్టను, అతనికి చిన్నపిల్లలున్నారు.

అట్లాంటా_సుబ్బు | జూలై 5
మా ఫ్రెడ్డీ ఫ్రీమన్‌కి పాజిటివ్.

ఫ్రీమాంట్_లలిత | జూలై 11
ఆవలి ఒడ్డున జెయింట్స్ క్యాచర్ పోసీ కూడా తప్పుకున్నాడు. నెలలు నిండకుండా పుట్టిన కవల ఆడపిల్లల్ని దత్తత తీసుకుంటున్నారట. నేను ఓక్లండ్ మనిషిని, జెయింట్స్‌తో నాకు సరిపడదు. కానీ ఆ పని చేసినందుకు అతనికి దండం పెట్టాలి.

అట్లాంటా_సుబ్బు | జూలై 19
ఫ్రీమన్ తిరిగొచ్చేశాడు! జ్వరం 104.5 దాకా పోయిందట. ఆ రాత్రి బతుకుతానో లేదో అనుకుని దేవుడికి మొక్కుకున్నానని చెప్పాడు. 30 ఏళ్ల మనిషి, అంత ఆరోగ్యవంతుడు. ఇది మామూలు ఫ్లూ అంటూ వాట్సాప్‌లో పంపే మా బాబాయికి ఆ ఇంటర్వ్యూ చూపించాను.

న్యూజెర్సీ_నాని | జూలై 24
మొదలైంది! కరోనా మీద ప్రభుత్వానికి సలహాలిచ్చే డాక్టర్ ఫౌచీ మొదటి బంతి విసిరాడు, అది క్యాచర్‌కి చాలా దూరంగా పోయింది. అయినా 79 ఏళ్ల వయసులో, ఇన్ని నెలలు నిద్ర లేకుండా పనిచేసిన మనిషి మాస్కు పెట్టుకుని అక్కడ నిలబడితే కళ్లు చెమర్చాయి. కోల్ ఒకే ఒక్క హిట్ ఇచ్చాడు. ఆరో ఇన్నింగ్స్‌లో పెద్ద వాన, మ్యాచ్ అక్కడే ఆపేశారు, 4-1తో మాదే గెలుపు. నేషనల్స్ తరఫున సోటో లేడు, ఆ ఉదయమే పాజిటివ్ అని తేలింది.

జనం అరుపులు వీడియో గేమ్ నుంచి తీసి స్పీకర్లలో వేస్తున్నారు. మొదట నచ్చలేదు. కాసేపటికి అలవాటైంది.

క్యారీ_కల్యాణి | జూలై 24
నాకు అలవాటు కాలేదు. ఆ అరుపులు తగ్గించి డగౌట్‌లో ఆటగాళ్ల మాటలు వినిపిస్తే బాగుంటుంది. కొరియా మ్యాచ్‌ల్లో బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో!

ఫ్రీమాంట్_లలిత | జూలై 25
రాత్రి మా మ్యాచ్ ఎవరైనా చూశారా? ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద రన్నర్‌ని ఉచితంగా పెట్టే కొత్త రూల్ మేజర్ లీగ్‌లో మొట్టమొదట అమలైంది మా ఓక్లండ్‌లోనే. పదో ఇన్నింగ్స్‌లో ఏంజెల్స్ తరఫున రెండో బేస్ మీద నిలబడ్డది ఓతానీ. గ్రౌండర్ మా ఓల్సన్ చేతికొచ్చింది, మూడో బేస్‌కి విసిరాడు, ఓతానీ మధ్యలో ఇరుక్కుని అవుటయ్యాడు. ఆ తర్వాత మా వంతులో అదే ఓల్సన్ గ్రాండ్ స్లామ్, అంటే మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్! 7-3.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. నేను ప్రతి మ్యాచ్‌కీ పెన్సిల్‌తో స్కోర్‌బుక్ రాస్తాను. బ్యాటర్ గడిలో చిన్న డైమండ్, అతను ఎలా బేస్ చేరాడో ఆ మూల దగ్గర రాయాలి. ఓతానీ ఎలా చేరాడని రాయాలి? హిట్ కాదు, వాక్ కాదు, ఎర్రర్ కాదు. ఏమీ చేయకుండా అక్కడికొచ్చాడు. చాలాసేపు పెన్సిల్ పట్టుకుని కూర్చుని, చివరికి రెండో బేస్ దాకా చుక్కల గీత గీశాను. మీరేం చేస్తున్నారు?

చికాగో_రమణ | జూలై 25
చుక్కల గీత బాగుంది. ఉచితం కాబట్టి నేను 'ఉ' అని రాస్తున్నా. ఆ రన్ వస్తే పిచర్ తప్పు కింద (ఎర్న్‌డ్ రన్‌గా) లెక్కేయరు కాబట్టి దాని చుట్టూ సున్నా చుట్టాలి, లేకపోతే చివర్లో లెక్క తేలదు. ఈ రూల్ మాత్రం నాకు ఒంటికి పడలేదు. పద్నాలుగు ఇన్నింగ్స్ సాగే మ్యాచ్‌లో ఉన్న మజా పోయింది.

న్యూజెర్సీ_నాని | జూలై 25
మహమ్మారిలో పద్నాలుగు ఇన్నింగ్స్ ఆడించి పిచర్ల చేతులు విరగ్గొట్టాలా? ఈ ఒక్క ఏడాదికి సరే.

సెయింట్‌లూయిస్_డాక్టరమ్మ | జూలై 28
నా భయం నిజమైంది. మార్లిన్స్ జట్టులో పదిమందికి పైగా పాజిటివ్. సీజన్ మొదలై వారం కూడా కాలేదు.

హ్యూస్టన్_హరి | జూలై 29
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఎందుకో మీకు తెలుసు, నేను ఆస్ట్రోస్ అభిమానిని. రాత్రి డాడ్జర్స్ పిచర్ జో కెల్లీ బ్రెగ్‌మన్ తల వెనక నుంచి బంతి వేసి, కొరేయాని చూసి మూతి ముడిచి వెక్కిరించాడు. సోషల్ మీడియాలో అందరూ చప్పట్లు.

నేను సీరియస్‌గా చెప్తున్నా. 2017లో మా వాళ్లు కెమెరా పెట్టి, క్యాచర్ సైగలు చూసి, చెత్తడబ్బా కొట్టి బ్యాటర్లకి చెప్పారు. తప్పే. నేను సమర్థించను. ఈ ఏడాది ప్రతి ఊళ్లోనూ జనం మా వాళ్లని నోరారా తిట్టాల్సింది. వాళ్లు వినాల్సింది. అలా ఒక ఏడాది గడిస్తే ఆ కథ ముగిసేది. ఖాళీ స్టేడియాలు మా వాళ్లని కాపాడాయని మీరనుకుంటున్నారు. నాకేమో అది ముగియకుండా మిగిలిపోయిందని బాధ.

గుంటూరు_డాడ్జర్ | జూలై 29
@హ్యూస్టన్_హరి 2017 ఫైనల్లో మీ చేతిలో ఓడింది మేమే. ఏడో మ్యాచ్ మా స్టేడియంలోనే. ఆ కోపం నాకు ఇంకా ఉంది. కానీ నువ్వు రాసింది నిజాయితీగా ఉంది హరీ. తలకి దగ్గరగా బంతి వేయడం మాత్రం నాకూ నచ్చలేదు.

అట్లాంటా_సుబ్బు | జూలై 31
కాస్త తేలిక కబురు. మా డువాల్ న్యూయార్క్‌లో కొట్టిన హోమ్ రన్ నేరుగా వెళ్లి జనం బదులు సీట్లో పెట్టిన కుక్కపిల్ల కటౌట్‌కి తగిలింది. అది మెట్స్ ఆటగాడు మెక్‌నీల్ కుక్కపిల్లట. దెబ్బ తగిలింది బొమ్మకే కాబట్టి నవ్వుకున్నాం.

సెయింట్‌లూయిస్_డాక్టరమ్మ | ఆగస్టు 15
మా వాళ్లు జూలై 29 తర్వాత ఇవాళే మళ్లీ ఆట ఆడేది. మోలీనాతో సహా చాలామందికి వచ్చింది. నిన్న సెయింట్ లూయిస్ నుంచి చికాగోకి 41 అద్దె కార్లలో వెళ్లారు. ఒక్కో కారులో ఒక్కో మనిషి, దాదాపు ఐదు గంటల ప్రయాణం. బస్సులో కలిసి కూర్చుంటే ఏమవుతుందో వాళ్లకి ఇప్పుడు బాగా తెలుసు. ఇక 44 రోజుల్లో 53 మ్యాచ్‌లు ఆడాలి, ఏడేసి ఇన్నింగ్స్ డబుల్ హెడర్లు (ఒకే రోజు రెండు మ్యాచ్‌లు) బోలెడు. నాకు కోపమూ ఉంది, వాళ్లని చూస్తే జాలీ ఉంది.

చికాగో_రమణ | ఆగస్టు 15
మేం కబ్స్ వాళ్లం, మీకు పాత శత్రువులం. అయినా ఇంత జరిగాక మీ జట్టు బాగుండాలనే కోరుకుంటున్నాం అక్కా. రిగ్లీ ఫీల్డ్ ఎదురు మేడల మీద కొద్దిమందిని కూర్చోనిస్తున్నారు. ధర చూసి వెనక్కొచ్చాను. పక్క వీధిలో రేడియో పెట్టుకుని నడిచా. దీపాలు వెలుగుతున్నాయి, లోపల్నుంచి కేకలు వినిపిస్తున్నాయి. అదే చాలనిపించింది.

ఫ్రీమాంట్_లలిత | సెప్టెంబర్ 15
కరోనా చాలదన్నట్టు కార్చిచ్చుల పొగ. 9న ఇక్కడ పగలే ఆకాశం నారింజ రంగుకి తిరిగింది, మధ్యాహ్నం లైట్లు వేసుకున్నాం. నిన్న సియాటెల్‌లో ఆ పొగలోనే మా వాళ్ల చేత రెండు మ్యాచ్‌లు ఆడించారు. 22 ఏళ్ల పిచర్ లుసార్డో తనకే ఊపిరి అందలేదన్నాడు. ఆట కావాలి కావాలి అని మొదటి నుంచీ అంటున్నదాన్ని నేనే. నిన్న మాత్రం టీవీ కట్టేశాను. అలా ఆడించకూడదు.

బెజవాడ_ఓపెనర్ | సెప్టెంబర్ 20
మా ఐపీఎల్ నిన్న అబుదాబిలో మొదలైంది. ఖాళీ స్టేడియం, స్పీకర్లలో అరుపులు, అచ్చం మీరు చెప్పినట్టే. మీ టపాలు ముందే చదవడం వల్ల నాకు వింతగా అనిపించలేదు. మా మ్యాచ్‌లు మీకు ఎన్నింటికి?

గుంటూరు_డాడ్జర్ | సెప్టెంబర్ 20
నాకు పొద్దున్న 7కి. కల్యాణి గారికి 10కి. పొద్దున సన్‌రైజర్స్, సాయంత్రం డాడ్జర్స్. మధ్యలో ఆఫీసు పని జరుగుతోందనే అనుకుంటున్నాను.

న్యూజెర్సీ_నాని | అక్టోబర్ 18
ఈసారి ప్లేఆఫ్స్‌లోకి 16 జట్లని రానిచ్చారు. 29 గెలిచి 31 ఓడిన ఆస్ట్రోస్ టాంపా బే రేస్‌తో ఏడో మ్యాచ్ దాకా వచ్చి నిన్న ఓడింది. ఇంకొక్కటి గెలిచి ఉంటే వరల్డ్ సిరీస్‌లో ఉండేవాళ్లు. ఇప్పుడు చెప్పండి, లెక్కేయాలా?

హ్యూస్టన్_హరి | అక్టోబర్ 18
మూడు ఓడి మూడు గెలిచాం. అది ఊరికే రాదు. మరి మీ యాంకీస్‌ని ఆ రేసే ఇంటికి పంపింది కదా, చాప్‌మన్ బౌలింగ్‌లో బ్రోసో హోమ్ రన్‌తో.

అట్లాంటా_సుబ్బు | అక్టోబర్ 19
డాడ్జర్స్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి ఓడాం. ఏడో మ్యాచ్‌లో ఫ్రీమన్ కొట్టిన బంతి హోమ్ రనే అనుకుని లేచి నిలబడ్డాను. మూకీ బెట్స్ గోడ ఎక్కి లాగేసుకున్నాడు. రెండు రోజులు ఎవరూ నాతో మాట్లాడకండి.

గుంటూరు_డాడ్జర్ | అక్టోబర్ 28
వరల్డ్ సిరీస్ గెలిచాం. 1988 తర్వాత ఇప్పుడు. 32 ఏళ్లు.

మ్యాచ్‌లన్నీ టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగాయి, అక్కడ పదకొండు వేల మంది దాకా జనాన్ని రానిచ్చారు. మేమేమో డాడ్జర్ స్టేడియం పార్కింగ్‌లో పెద్ద తెర ముందు కారులో కూర్చుని చూశాం. ఆరో ఇన్నింగ్స్‌లో రేస్ మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి బ్లేక్ స్నెల్‌ని తీసేశాడు. వేసింది 73 బంతులే, మా వాళ్లకి అతన్ని ఆడటమే రావట్లేదు. పార్కింగ్ అంతా హారన్లు! అక్కడే తిరిగింది మ్యాచ్. చివర్లో ఉరియాస్ స్ట్రైకౌట్ చేసినప్పుడు పక్క కారులో ఒక పెద్దాయన దిగి, మాస్కు సరిచేసుకుని, మా బానెట్ మీద రెండు చేతులతో దబదబా కొట్టి వెళ్లాడు. మా పిచర్ కర్షా కోసం నేను ఎక్కువ సంతోషించాను. ఏళ్ల తరబడి అక్టోబర్‌లో మాటలు పడ్డ మనిషి, ఈ సిరీస్‌లో రెండు గెలిచాడు.

సెయింట్‌లూయిస్_డాక్టరమ్మ | అక్టోబర్ 28
మీకు అభినందనలు. కానీ జస్టిన్ టర్నర్ సంగతి? మ్యాచ్ మధ్యలో పాజిటివ్ అని తేలి ఎనిమిదో ఇన్నింగ్స్‌కి తప్పించారు. గెలిచాక మైదానంలోకొచ్చాడు, మాస్కు తీసి ఫొటోలో కూర్చున్నాడు. పక్కనే మేనేజర్ డేవ్ రాబర్ట్స్, క్యాన్సర్ నుంచి కోలుకున్న మనిషి. నా వార్డులో జనం భార్యకి ఫోన్లో వీడ్కోలు చెప్పి పోతున్నారు. ఇది క్షమించలేను.

గుంటూరు_డాడ్జర్ | అక్టోబర్ 28
మీతో వాదించను డాక్టర్ గారూ. టర్నర్ చిన్నప్పటి నుంచీ డాడ్జర్స్ అభిమాని, ఆ క్షణంలో ఏమనుకున్నాడో ఊహించగలను. అయినా రాకూడదు.

హ్యూస్టన్_హరి | అక్టోబర్ 29
రాకూడదు. కానీ అతన్ని ఆపడం అక్కడున్న పెద్దల పని కూడా.

న్యూజెర్సీ_నాని | అక్టోబర్ 29
మొదటి ప్రశ్నకొద్దాం. నా మాట మీదే ఉన్నాను, 60 అనేది సీజన్ కాదు. డాడ్జర్స్ 43-17 అంటే బలమైన జట్టే, 162 ఆడినా గెలిచేవాళ్లేమో. ఆ 'ఏమో' పోదు.

చికాగో_రమణ | అక్టోబర్ 29
1981లో సమ్మె వల్ల సీజన్ రెండు ముక్కలైంది. అప్పుడూ డాడ్జర్సే, అదీ మీ యాంకీస్ మీదే. ఆ కప్పు పక్కన ఇప్పుడెవరైనా చుక్క పెడుతున్నారా? పైగా ఈసారి ప్లేఆఫ్స్‌లో ఒక రౌండ్ ఎక్కువ. 13 మ్యాచ్‌లు గెలిస్తే గానీ కప్పు రాలేదు.

ఫ్రీమాంట్_లలిత | అక్టోబర్ 30
నాకు రికార్డు పుస్తకం ముఖ్యం కాదు. జూలై నుంచి నా స్కోర్‌బుక్ నిండింది, అందులో ఆడినవాళ్లున్నారు, రోగం తెచ్చుకున్నవాళ్లున్నారు, పిల్లల కోసం ఆగిపోయినవాళ్ల ఖాళీ గడులున్నాయి. అది సీజన్ కాదని నేనెలా అంటాను?

అట్లాంటా_సుబ్బు | నవంబర్ 13
ఫ్రీమన్‌కి ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు)!! 104.5 జ్వరం వచ్చిన మనిషి! నానీ, ఇది కూడా లెక్కేయవా?

న్యూజెర్సీ_నాని | నవంబర్ 13
అది లెక్కేస్తాను సుబ్బూ. మనస్ఫూర్తిగా.

క్యారీ_కల్యాణి | నవంబర్ 25
మా డైనోస్ కొరియా సిరీస్ గెలిచింది. పొద్దున్నే ఇల్లంతా లేపాను. వచ్చే ఏడు నేషనల్ లీగ్‌లో పిచర్లు (ఈ ఏడాది వాళ్ల చేత బ్యాటింగ్ మాన్పించారు కదా) మళ్లీ బ్యాటింగ్ చేయాలా వద్దా అని కొత్త చర్చ తెరుస్తున్నా, రమణ గారూ, మీరు రండి. మీరు ఒప్పుకోరని తెలుసు.